గోడలోని ఉప్పు

అనగనగా ఒక రేవు పట్టణం. రెండు నదులు దాన్ని చెరోపక్క ఒరుసుకుంటూ వచ్చి సముద్రంలో కలిసేవి. ఊళ్ళో ఇళ్ళన్నీ ఇటుకతో కట్టినవే. ఆ ఇటుకల మీద సున్నపు గచ్చు చేసి, గులాబీ, లేత పసుపు, ఆకుపచ్చ రంగులు వేసుకున్నారు. ఓడ దిగినవాళ్ళు ఆ వీధుల్ని చూసి అక్కడే ఆగిపోయేవాళ్ళు. ఒక్క కచేరీ గోడతోనే చిక్కు. ఎన్నిసార్లు గచ్చు పూసినా ఏడాది తిరిగేసరికి పెచ్చులూడిపోయేది.

ఆ ఊరికి ఓ కుర్రవాడు పెద్ద అయ్యాడు. వయసు ముప్ఫై రెండు. కచేరీలో అడుగుపెట్టిన వారానికే ముసలి మేస్త్రీకి కబురు పెట్టాడు.

"పెద్దాయనా, ఈసారి రాలకుండా పూయగలవా?"

మేస్త్రీ గోడకు అరచెయ్యి ఆనించి కాసేపు నిలబడ్డాడు. "పూతలో దోషం లేదయ్యా. ఉప్పు లోపలుంది. చెమ్మ పట్టినప్పుడల్లా అది బయటికి రావాలని చూస్తుంది. దారి దొరక్క గచ్చును తోసేస్తుంది."

"లోపలికి ఎలా వచ్చింది?"

మేస్త్రీ జవాబు చెప్పలేదు. ఉలితో ఒక పెచ్చు లేపాడు. కింద ఇటుక మీద చిన్న చిన్న గుంటలు, మూడు, పక్కపక్కనే. కుర్రవాడు తన వేలు పెట్టి చూశాడు. పట్టలేదు.

"ఏడెనిమిదేళ్ళ బిడ్డ వేళ్ళ గుర్తులయ్యా" అన్నాడు మేస్త్రీ. "పచ్చి ఇటుకను ఎండలో అటూ ఇటూ తిప్పింది పిల్లలే. డబ్బిచ్చి కొనుక్కున్న పిల్లలు."

కుర్రవాడు ఆ ఊళ్ళోనే పుట్టాడు. చిన్నప్పుడు బడి నుంచి వస్తూ ఆ గోడకే ఆనుకుని నిలబడేవాడు. చాలాసేపు మాట్లాడలేదు. చివరికి, అరచెయ్యంత మేర ఇటుకను అలాగే వదిలేసి మిగతాదంతా పూయమన్నాడు.

మర్నాడే వర్తకులు వచ్చారు. "అయ్యా, పై ఊళ్ళవాళ్ళు వచ్చేపోయే చోటు. ఆ ముక్క కూడా కప్పించండి, బాగుండదు" అన్నారు. అతను వాళ్ళతో వాదించలేదు. ఒక్క వానాకాలం ఆగమన్నాడు. ఈలోగా వీధుల్లో గుంటలు పూడ్పించాడు. దుమ్ము పట్టిన బజారును బాగు చేయించాడు. డబ్బున్నవాళ్ళు మేడలు కట్టుకోవాలని చూస్తున్న నది ఒడ్డును అందరూ కూర్చునే తోటగా మార్చాడు. వర్తకుల గల్లాపెట్టెలు నిండాయి. వానలు వచ్చి పోయాయి. కచేరీ గోడ మీద గచ్చు ఎప్పటిలాగే రాలింది. కానీ ఆ అరచేతి మేర చుట్టూ రెండు జానల గచ్చు గట్టిగా నిలిచింది. బయటపడిన ఇటుక మీద తెల్లగా ఉప్పు తేలి, పొడిపొడిగా నేల రాలుతోంది.

తర్వాతి ఏడు ఆ మేర ఇంకొంచెం పెంచాడు. ఆ పై ఏడు ఇంకొంచెం. ప్రతిసారీ గొడవే. ప్రతిసారీ, ఆ ఏడాది ఊరికి చేసిన మంచి పనిని ముందు పెట్టి, దానికి బదులు ఇంకో నాలుగు ఇటుకలు అడిగేవాడు. అలా అడుగుతూ అడుగుతూ ముసలివాడైపోయాడు. గోడ పూర్తికాలేదు. ఒకరోజు తాళాలగుత్తి మరొకరి చేతిలో పెట్టి ఇంటికి వెళ్ళిపోయాడు.

మర్నాడు పొద్దున్నే కచేరీ తలుపు తీయడానికి వచ్చిన కాపలావాడికి, గోడ దగ్గర కుంచె పట్టుకుని ఉప్పు దులుపుతున్న ముసలాయన కనిపించాడు.

"ఇప్పుడు కూడా మీకెందుకయ్యా ఈ పని?"

"ఇంకా వస్తోంది కదా" అన్నాడాయన.

నీతి: ఊరికి పైపూత వేసి మెప్పు పొందడం చాలామంది పెద్దలకు చేతనవుతుంది. ఆ మెప్పును మూటగట్టుకోకుండా, ఊరు చూడనని మొహం తిప్పుకున్నదాన్ని చూపించడానికి ఖర్చుపెట్టాలి. అది ఒక పదవీకాలంలో తేలే పని కాదు.

కథ నేను అల్లిందే. ఇటుకలు మాత్రం నిజం. అమెరికాలో దక్షిణ కరోలినా రాష్ట్రపు చార్లెస్టన్ నగరంలో, పాత గోడల ఇటుకల మీద బానిస పిల్లల వేలి గుర్తులు ఈనాటికీ కనిపిస్తాయి. యాష్లీ, కూపర్ నదుల మధ్య ఒదిగిన ఊరది. 2020 జనగణన నాటికి జనాభా లక్షన్నర. మన లెక్కలో ఒక జిల్లా కేంద్రమంత. ఆ ఊరికి జోసెఫ్ పి. రైలీ జూనియర్ 1975 డిసెంబరు నుంచి 2016 జనవరి వరకు మేయరుగా ఉన్నాడు. వరసగా పదిసార్లు గెలిచాడు, నలభై ఏళ్ళు పాలించాడు. మొదటిసారి ఆ కుర్చీలో కూర్చున్నప్పుడు అతని వయసు ముప్ఫై రెండే.

ఆ ఊరి సిరి ఎక్కడిదో చెబితే తెలుగువాళ్ళకు ఇట్టే అర్థమవుతుంది. అది వరి పండించిన సిరి. పశ్చిమ ఆఫ్రికా తీరంలో వరి పండించడం తెలిసినవాళ్ళను పట్టుకొచ్చి, ఆటుపోట్ల నీటిని గట్లతో, తూములతో మళ్ళలోకి మళ్ళించే పని చేయించారు. బురదలో కాలు పెట్టి వరి పండించడమంటే ఏమిటో, కలుపు తీస్తే నడుము ఎలా విరిగిపోతుందో మనకు ఎవరూ చెప్పనక్కర్లేదు. ఆ పని జీవితాంతం, కూలి లేకుండా, బిడ్డను ఎప్పుడు అమ్మేస్తారో తెలియకుండా చేశారు వాళ్ళు. వాళ్ళ సంతతి గల్లా ప్రజలు. వడ్లు చెరగడానికి గడ్డితో చుట్టిన వెడల్పాటి బుట్టలు వాళ్ళ ఇళ్ళలో ఉండేవి. మన చేట చేసే పనే అది. ఆ బుట్టల అల్లిక అక్కడ ఇప్పటికీ బతికే ఉంది.

రైలీ ఐరిష్ కాథలిక్ కుటుంబంలో 1943లో పుట్టిన తెల్లవాడు. సిటడెల్ సైనిక కళాశాలలో చదివి, న్యాయశాస్త్రం పూర్తిచేసి, ఆరేళ్ళు రాష్ట్ర శాసనసభలో కూర్చుని వచ్చాడు. నల్లవాళ్ళ ఓట్లు తోడుగా గెలిచాడు. వాళ్ళకు నగరపాలనలో చోటిచ్చాడు. అది గిట్టని తెల్లవాళ్ళు అతనికి 'లిటిల్ బ్లాక్ జో' అని పేరు పెట్టి వెక్కిరించారు. 1982లో రూబెన్ గ్రీన్‌బర్గ్‌ను పోలీసు అధిపతిగా తెచ్చాడు. ఆ నగరంలో ఆ పదవికి వచ్చిన మొదటి నల్లజాతి అధికారి ఆయనే. 2005 దాకా పనిచేశాడు.

మెప్పు తెచ్చిన పనులు చాలానే ఉన్నాయి. ఊరి నడిబొడ్డున కింగ్ స్ట్రీట్‌లో దుకాణాలు శివార్ల మాల్స్‌కు తరలిపోయి మూతపడుతున్న కాలమది. అక్కడ ఓ పెద్ద హోటలు, దాని చుట్టూ దుకాణాలు రావాలని పట్టుబట్టాడు. పాత కట్టడాల ప్రేమికులు కోర్టులకెక్కారు. ఏళ్ళ తరబడి సాగిన పోరు తర్వాత 1986లో ఆ హోటలు తెరుచుకుంది, వీధి మళ్ళీ ఊపిరి పోసుకుంది. 1977లో మొదలైన స్పొలేటో కళోత్సవం ప్రపంచాన్ని ఆ ఊరికి రప్పించింది. 1989 సెప్టెంబరులో హ్యూగో తుపాను అర్ధరాత్రి వేళ మీద పడి ఊరిని చిందరవందర చేసింది. మరుసటి ఏడాదే కూపర్ నది ఒడ్డున వాటర్‌ఫ్రంట్ పార్క్ తెరిచారు. ఎత్తైన భవనాలు లేవవలసిన చోటది. నది గాలి తగిలే స్థలం ఉన్నవాడికీ లేనివాడికీ ఒకటే కావాలన్నది రైలీ పట్టు. నగరానికి అందం కావాల్సింది డబ్బులేనివాడికే ఎక్కువ, ఉన్నవాడు దాన్ని ఎక్కడైనా కొనుక్కోగలడు. నాకు ఆయనలో అన్నిటికంటే నచ్చింది ఈ ఒక్క పట్టుదలే. దీన్ని తనదగ్గరే ఉంచుకోలేదు కూడా. మేయర్లకు నగర నిర్మాణం నేర్పే ఒక సంస్థను వాస్తుశిల్పి జాక్విలిన్ రాబర్ట్‌సన్‌తో కలిసి 1986లో మొదలుపెట్టాడు. వెయ్యిమందికి పైగా మేయర్లు అందులో కూర్చుని నేర్చుకున్నారు.

1994లో గవర్నరు పదవికి పోటీపడి, సొంత పార్టీ అభ్యర్థిత్వమే కొద్ది ఓట్లతో పోగొట్టుకున్నాడు. మళ్ళీ ఊరికే వచ్చాడు. అది ఆ ఊరి అదృష్టమనే అనుకుంటాను. గోడ దగ్గరి పని అసలు అప్పుడే ముదిరింది. ఎడ్వర్డ్ బాల్ 1998లో 'స్లేవ్స్ ఇన్ ద ఫ్యామిలీ' అనే పుస్తకం రాశాడు. తన పూర్వీకులు బానిసలుగా ఉంచిన మనుషుల వారసుల్ని వెతుక్కుంటూ వెళ్ళిన కథ అది. రైలీ దాన్ని చదివాడు. తాను పుట్టి పెరిగిన ఊరి గురించి తనకు ఇంత తెలియదా అని కదిలిపోయాడు. ఆఫ్రికన్ అమెరికన్ల చరిత్రకు ఈ ఊళ్ళో ఒక మ్యూజియం కడతామని 2000లో ప్రకటించాడు. అదే ఏడాది ఏప్రిల్‌లో, రాష్ట్ర రాజధాని కొలంబియాలో శాసనసభ గుమ్మటం మీద ఎగురుతున్న కాన్ఫెడరేట్ జెండాను దించాలంటూ చార్లెస్టన్ నుంచి ఐదు రోజులు నడిచాడు. దాదాపు 120 మైళ్ళ నడక. ఆ జెండా బానిసత్వాన్ని నిలుపుకోవడానికి యుద్ధం చేసినవాళ్ళది. ఆ యుద్ధపు తొలి ఫిరంగి 1861లో పేలింది కూడా చార్లెస్టన్ రేవులోనే. జులైలో జెండా గుమ్మటం దిగింది. కానీ ఆవరణలోనే ఇంకో స్తంభం ఎక్కింది.

ఈయన్ను దేవుణ్ణి చేయడం నాకు ఇష్టం లేదు. ఊరు అందంగా మారేకొద్దీ నడిబొడ్డున ఇళ్ళ ధరలు పెరిగాయి. తరతరాలుగా అక్కడే ఉన్న నల్లవాళ్ళ కుటుంబాలు ఒక్కొక్కటే ఊరి మధ్యనుంచి వెళ్ళిపోయాయి. అందరికోసం తోట వేసిన చేతుల్లోంచే ఇదీ జరిగింది. 2007 జూన్‌లో ఓ ఫర్నిచర్ దుకాణంలో మంటలు రేగి తొమ్మిదిమంది అగ్నిమాపక సిబ్బంది చనిపోతే, దర్యాప్తులు నగర అగ్నిమాపక శాఖ శిక్షణనూ పద్ధతులనూ తప్పుపట్టాయి. బానిసత్వం మంచిదని వాదించిన జాన్ కాల్హూన్ విగ్రహం నగరం నడుమ ఎత్తైన స్తంభం మీద రైలీ ఉన్న నలభై ఏళ్ళూ నిలిచే ఉంది. ఆయన దిగిపోయాక, 2020లో గానీ దాన్ని తీయలేదు. కథలో ఊరిపెద్ద నాలుగేసి ఇటుకలే అడిగాడన్నాను. నాలుగే ఎందుకని అడిగే హక్కు ఆ ఇటుకలు చేసినవాళ్ళ మనవళ్ళకు ఉంది.

2015 జూన్ 17 రాత్రి, ఆ కాల్హూన్ పేరే పెట్టిన వీధిలో ఉన్న ఇమాన్యుయేల్ చర్చిలో కొద్దిమంది బైబిలు చదువుకుంటున్నారు. ఒక తెల్ల యువకుడు లోపలికి వచ్చాడు. కొత్తవాడు కదా అని పక్కన కూర్చోబెట్టుకున్నారు. దాదాపు గంటసేపు వాళ్ళ మధ్యే కూర్చుని, తర్వాత తుపాకీ తీసి తొమ్మిదిమందిని చంపాడు. చర్చి పాస్టరు, రాష్ట్ర సెనేటరు క్లెమెంటా పింక్నీ వాళ్ళలో ఒకరు. నల్లవాళ్ళన్న ద్వేషమే కారణం. అది రైలీ పదవిలో చివరి ఏడు. నలభై ఏళ్ళు దులిపిన గోడ ఒక్క రాత్రిలో మళ్ళీ తెల్లగా ఉప్పు కక్కింది. జులై 10న శాసనసభ ఆవరణలోంచి ఆ జెండా పూర్తిగా దిగింది. అయిదు రోజుల నడక సాధించలేనిదాన్ని తొమ్మిది ప్రాణాలు సాధించాయని రాస్తుంటే చెయ్యి ఆడడం లేదు.

2016 జనవరిలో రైలీ తాళాలు అప్పగించాడు. మ్యూజియానికి అప్పటికింకా పునాది కూడా పడలేదు. డెబ్బై దాటిన మనిషి, మేయరు కుర్చీ లేకుండానే, విరాళాల కోసం తలుపులు తడుతూ తిరిగాడు. పది కోట్ల డాలర్లకు పైగా కావాల్సిన పని. భూమిపూజ 2019లో జరిగింది. కట్టడం పూర్తయ్యాక, 2023 మొదట్లో తెరవబోతే లోపలి చెమ్మ, ఉష్ణోగ్రత అదుపులోకి రాలేదని మళ్ళీ వాయిదా వేశారు. 2023 జూన్ 27న అంతర్జాతీయ ఆఫ్రికన్ అమెరికన్ మ్యూజియం తలుపులు తెరుచుకున్నాయి. మాట ఇచ్చి ఇరవైమూడేళ్ళు గడిచాయి. అప్పటికి రైలీకి ఎనభై.

అది నిలబడ్డ చోటు గాడ్స్‌డెన్ రేవు. ఉత్తర అమెరికాకు తెచ్చిన ఆఫ్రికన్ బానిసల్లో దాదాపు 40 శాతం మంది చార్లెస్టన్‌లోనే దిగారని చరిత్రకారుల అంచనా. 1808లో దిగుమతి నిషేధం రాకముందు, చివరి ఏళ్ళలో, బానిసల ఓడలన్నీ ఈ రేవుకే రావాలని నగరమే శాసనం చేసింది. ధర పెరిగేదాకా అమ్మకుండా గోదాముల్లో ఆపి ఉంచినవాళ్ళు చలికి, జబ్బులకు వందలమంది చనిపోయారు. ఆ నేల మీద బరువు మోపకూడదని, మ్యూజియాన్ని 18 స్తంభాల మీద పదమూడు అడుగుల ఎత్తుకు లేపి కట్టారు. కింద నేలంతా ఖాళీ.

ఆ ఖాళీలో, నది వైపు, ల్యాండ్‌స్కేప్ రూపశిల్పి వాల్టర్ హుడ్ ఒక పలచని నీటి మడుగు రూపొందించాడు. దాని అడుగున మనుషుల ఆకారాలు, నిలువెత్తువి, ఓడ అడుగున పేర్చినట్టు పక్కపక్కనే పడుకుని ఉంటాయి. నీరు ఆటుపోట్లలా మెల్లగా ఎక్కి వాళ్ళను కప్పేస్తుంది. కాసేపటికి తీస్తుంది. ఆ ఆకారాలు మళ్ళీ బయటపడతాయి.