అమ్మేది, తినేది

వలిగొండ దగ్గరి మా మేనత్త ఇంట్లో వడ్ల బస్తాలు రెండు చోట్ల ఉంటాయి. వసారాలోవి అమ్మేవి, అర్రలోవి తినేవి. వసారాలోవి మూసీ కాల్వ కింద పండినవి. అర్రలోవి బోరు మడివి. ‘మూసీ బియ్యం మనం తినం బిడ్డా, పొద్దటి అన్నం మాపటికే వాసనొస్తది’ అంటుంది. ఆ జిల్లా పేరు ఇప్పుడు యాదాద్రి భువనగిరి. మా నోటికి మాత్రం ఇంకా నల్లగొండే.

హైదరాబాదులో నేనూ అంతే. కూరగాయల బండి దగ్గర పాలకూర కట్ట చేతిలోకి తీసుకుని, ‘ఎక్కడిది?’ అని అడుగుతాను. ‘మూసీది కాదు సార్, బోరుది’ అంటాడు. ఆ ఒక్క మాటతో నా మనసు కుదుటపడుతుంది. నల్లగొండ జిల్లాలోని మర్రిగూడ, నాంపల్లి మండలాల్లో మనుషుల ఎముకలు వంచింది బోరు నీళ్లేనని అప్పుడు గుర్తుకు రాదు. ఆ నీళ్లలోని ఫ్లోరైడ్‌కు రంగు లేదు, వాసన లేదు. తరాల తరబడి జనం ఆ తేట నీళ్లను నమ్మి తాగారు. మంచి నీళ్లేవో చెప్పడానికి నా కన్ను, ముక్కు చాలవు. అయినా నేను ఇప్పటికీ నమ్ముకుంటున్నది వాటినే.

మూసీ అంటే భయం ఉత్తదని అనను. హైదరాబాదు ఇళ్ల మురుగుతోపాటు ఫ్యాక్టరీల నీళ్లూ అందులో కలుస్తాయి. పచ్చిగా తినే కొత్తిమీర, పుదీనాల సంగతి వేరు, ఉడికించే బియ్యం సంగతి వేరు. అందరికన్నా ముందు ముప్పు ఆ నీళ్లలో మోకాళ్ల దాకా దిగి నాటేసే వాళ్లకే. ఓసారి మేనత్త నాటు నుంచి వచ్చి, కాళ్లకు కొబ్బరినూనె రాసుకుంటూ అరుగు మీద కూర్చుంది. పిక్కల మీద దద్దుర్లు. గోకి గోకి తోలు లేచింది. పంట ఎక్కడిదని వందసార్లు అడిగినవాణ్ని, ఆ కాళ్లను చూసింది అదే మొదలు.

అట్లని ఆ నీళ్లు వద్దనడం కూడా ఆమెకు చేతకాదు. పాలమూరులో వానల్లేక ఊళ్లకు ఊళ్లు వలసపోయిన ఏళ్లలో కూడా మూసీ ఒడ్డున యాసంగి నాట్లు పడ్డాయి. హైదరాబాదు నగరం నీళ్లు వాడుకున్నంత కాలం ఆ కాల్వ ఎండదు.

ఆ నగరం తాగే కృష్ణ నీళ్లు ఎక్కడివి? నల్లగొండ జిల్లాలోని అక్కంపల్లి జలాశయం నుంచి తోడి, కోదండాపురంలో శుద్ధి చేసి, వంద కిలోమీటర్లకు పైగా పైపుల్లో పంపినవి. మా ఇంటి నల్లాలోంచి వచ్చి, సబ్బు నురగతో మోరీలో పడి, మూసీలో కలిసి, మళ్లీ నల్లగొండ కాల్వల్లోకే పోతాయి. మిగిలినవి వాడపల్లి దగ్గర కృష్ణలో కలుస్తాయి. తేటగా పంపిన జిల్లాకు మురికిగా తిరిగిస్తున్నాం. ఆపైన అక్కడ పండిన గింజను అనుమానంగా చూస్తున్నాం. ఇజ్రాయెల్‌లో మురుగునీటిలో అధికభాగాన్ని శుద్ధి చేసి పొలాలకు ఇస్తారు. మనం మాత్రం ఆ పని సగంలో వదిలేసి, మిగతా సగం మేనత్త కాళ్లకు అప్పగించాం.

మంచి తిండి తినాలనుకోవడం తప్పు కాదు. నా పిల్లలకు నేనూ అదే కోరుకుంటాను. కానీ కట్ట ఎక్కడిదని అడిగే ముందు, పొద్దున నేను మోరీలోకి వదిలింది ఏమిటని నన్ను నేను అడగడం ఈ మధ్యే మొదలుపెట్టాను. మా అపార్టుమెంటు మీటింగులో మురుగు శుద్ధి యంత్రం ఎందుకు ఆగిందో అడిగాను. కరెంటు బిల్లు ఎక్కువొస్తుందన్నారు. వచ్చే నెల మళ్లీ అడుగుతాను.

మొన్న ఊరి నుంచి వస్తుంటే మేనత్త బియ్యం సంచి కట్టింది. ‘వసారాలోవి పెట్టత్తా’ అన్నాను. ఆమె నా ముఖంలోకి కాసేపు చూసి, ఏమీ అనకుండా అర్రలోకి పోయి, తినేవే కొలిచి పోసింది.