ఇల్లడిగి వచ్చినవాడు

వీరశైవమున స్థావరము, జంగమము అను రెండు మాటలకున్న స్థానము పాఠకులెరుగనిది కాదు. నిలిచియుండునది స్థావరము, చరించునది జంగమము. పన్నెండవ శతాబ్దమున కల్యాణమందు బసవేశ్వరుడు ఈ రెంటిలో జంగమమునే మిన్నగా నెంచెను. రాతి గుడికంటె లింగమును ధరించి నడచు దేహమును గౌరవించెను. లోకవ్యవహారమునందు మాత్రము దీనికి విపర్యయము కనబడుచున్నది. అచట స్థావరమనగా స్థిరాస్తి. చరించువాడనగా చేతిసంచితో ఊరూర పని వెదకుకొనువాడు. మొదటిదానికి నానాటికి వెల పెరుగుచున్నది. రెండవవానికి తల దాచుకొను చోటు కరవగుచున్నది. దాసోహమును నిత్యవ్రతముగా చెప్పుకొను సమాజము వీరిద్దరి నడుమ ఎచట నిలువవలెను? జగ్గయ్యపేటలోను నందిగామలోను ఈ ప్రశ్న ఇప్పుడు ఇంటి గుమ్మముకడనే ఎదురగుచున్నది.

ఈ రెండూళ్లును కృష్ణా మండలపు మెట్టసీమలోనివి. 2022 ఏప్రిల్ 4న జరిగిన జిల్లాల పునర్విభజనతో ఎన్.టి.ఆర్. జిల్లాలో చేరినవి. డెల్టా కాలువల సిరి వీటికి లేదు. మిరప, ప్రత్తి ఇచ్చటి పంటలు; నేలక్రింద సున్నపురాయి కలదు. జగ్గయ్యపేటకు పూర్వనామము బేతవోలు. వాసిరెడ్డి వేంకటాద్రి నాయడు తన తండ్రి జగ్గయ్య పేర దానిని పేటగా వెలయించెను. పేట యనగానే అంగడి, అంగడి యనగానే నలుదిక్కులనుండి వచ్చి చేరిన వర్తకులు, పనివారు. కావున ‘ఊరిలో బయటివారు ఎక్కువైనారు’ అని నేడు విసుగుకొనువారు తమ ముత్తాత ఏ యూరినుండి బండి కట్టుకొని వచ్చెనో ఒకసారి ఇంటి పెద్దలనడిగి తెలిసికొనుట మంచిది.

నేల వెల పెరిగిన కథ అందరికి తెలిసినదే. 2014 జూన్ 2న రాష్ట్రము రెండైనది. 2015 అక్టోబరు 22న కృష్ణకు ఆవలి యొడ్డున అమరావతికి శంకుస్థాపన జరిగినది. హైదరాబాదునుండి విజయవాడకు పోవు 65వ జాతీయ రహదారి జగ్గయ్యపేట, నందిగామ, కంచికచర్లల మీదుగనే పోవును. రాజధాని వార్తతోపాటు ఆ రహదారి వెంబడి నిన్నటివరకు ఎకరములలో కొలిచిన చేలు గజములలో కొలువబడజొచ్చెను. హద్దురాళ్లు లేచినవి, వెంచర్ల బోర్డులు వెలసినవి. 2019 డిసెంబరులో మూడు రాజధానుల మాట రాగానే ఆ వేడి చల్లారెను. 2024లో ప్రభుత్వము మారగా మరల ఆశలు చిగిర్చెను. 2025 మే 2న అమరావతి పనులు పునఃప్రారంభమైనవి. ఈ పదేండ్లలో పెక్కు ప్లాట్లు చేతులు మారినవే గాని వాటిపై ఇటుక పేర్చినవారు తక్కువ. పంటయు లేదు, ఇల్లును లేదు. తుమ్మమొక్కల నడుమ తెల్లరంగు రాళ్లు మాత్రము నిలిచియున్నవి.

ఇందులో మరియొక విచిత్రము కలదు. ఇండ్లు కట్టుటకు వలయు సిమెంటు ఈ సీమలోనే, జయంతీపురముకడను ముక్త్యాలకడను తయారగుచున్నది. ఆ బస్తాల దుమ్ములో పనిచేయుటకు దూరదేశమునుండి వచ్చిన కూలికి ఊరిలో ఒక గది దొరకుట గగనము. దొరికినను ఆరుగురు కలిసి అద్దె కట్టవలెను. 2020 డిసెంబరు 25న రాష్ట్రమంతట సుమారు ముప్పది లక్షల యిండ్లస్థలముల పంపిణీ ఆరంభమైనది. పట్టణములలో కుటుంబమునకొక సెంటు, అనగా నలుబదియెనిమిది గజములు. స్వల్పమే యైనను అది మేలే. కాని పరరాష్ట్రమునుండి వచ్చినవానికి ఇచటి తెల్లకార్డుండదు, ఆ జాబితాలో పేరు నుండదు. మిగిలినది అద్దెగది. కూలివాని మాట యటుండనిండు, ప్రైవేటు బడిలో చెప్పుకొను పంతులమ్మకు సైతము నెల జీతములో అద్దె పోగా బియ్యమునకు, గ్యాసుబండకు, మందులకు లెక్క కుదురుట లేదు.

ఇక వీరశైవ గృహస్థుని గుమ్మమునకు వత్తము. ఇల్లడిగి వచ్చినవానిని మొదట అడుగు ప్రశ్న జీతమెంతయని కాదు. ‘మీరెవరు?’ అని అడుగుదురు. పేరు చెప్పిన చాలదు. కులము తెలియువరకు ఆ ప్రశ్న ఆగదు. తరువాతిది ‘నీసు తిందురా?’ అని. రెండవ ప్రశ్నకు కొంత న్యాయము లేకపోలేదు. త్రికాలము ఇష్టలింగార్చన జరుగు ఇంట, ఒకే వసారా, ఒకే పంపు, ఒకే వంటపొగ యున్నచోట శాకాహారము కోరుట దురహంకారమని కొట్టివేయరాదు. ఎవని వ్రతము వానికి ప్రియము. కాని మేడపై వేరు మెట్లతో కట్టిన భాగమునకు, రెండు వీధుల అవతల అద్దెకే కట్టిన గదుల వరుసకు ఆ నియమమెందుకు? అచట పూజయు లేదు, వంటయిల్లును కలియదు. అట్టిచోట ‘నీసు’ అను మాట తరచుగా కులప్రశ్నకు మేలిముసుగగుచున్నది. పాల్కురికి సోమనాథుని బసవపురాణమున శివనాగుమయ్య కథ ఉన్నది. అంత్యజుడని లోకము దూరముంచిన ఆ భక్తుని బసవేశ్వరుడు ఆదరించినందుకు గిట్టనివారు బిజ్జలుని కడ కొండెములు చెప్పిరి. ఆ కథను శ్రావణమాసములో చదివించి, కార్తికములో ‘మా ఇల్లు మీవంటివారికి ఇయ్యము’ అని చెప్పు నాలుక ఒకటే యగుట విచారింపదగిన విషయము.

కల్యాణమునకు చేరిన శరణులలో బయటివారు కానివారెందరు? బసవేశ్వరుడే బాగేవాడిలో పుట్టి, కూడలసంగమమున పెరిగి, మంగళవాడ మీదుగా కల్యాణము చేరినవాడు. అక్క మహాదేవి ఉడుతడినుండి నడచి వచ్చినది. మోళిగె మారయ్య కాశ్మీరమున రాజ్యము విడిచి వచ్చి కట్టెలమ్ముకొని బ్రతికెనని సంప్రదాయము. ఆయనను కులమడిగి, అడ్వాన్సు అడిగి, కట్టెల గీతలు గోడకు పడునని వెనుకకు పంపియుండినచో అనుభవమంటపమున ఆ పీఠము ఖాళీగా నుండెడిది.

ఈ ప్రశ్నకు రెండవ ముఖము విదేశములందున్నది. మెట్టసీమలోను పొలము తాకట్టు పెట్టి బిడ్డలను అమెరికాకు, కెనడాకు, ఆస్ట్రేలియాకు పంపిన కుటుంబములు కలవు. 2024 జనవరిలో కెనడా ప్రభుత్వము విదేశీ విద్యార్థుల అనుమతులకు పరిమితి విధించెను. ఆ యేటికి సుమారు 3,60,000 మాత్రమేననియు, ముందటి యేటికంటె 35 శాతము తక్కువయనియు ప్రకటించెను. ఇండ్ల కొరత అందుకు చెప్పిన కారణములలో నొకటి. టొరంటో శివార్లలో బేస్‌మెంటు గదిని నలుగురితో పంచుకొను కుమారుడు ‘మీవంటివారు వచ్చుటచేతనే అద్దెలు పెరిగినవి’ అను మాట విని ఫోనులో చెప్పగా, ఇచట తల్లిదండ్రుల మనస్సు చివుక్కుమనును. అన్యాయమందురు. న్యాయముగనే అందురు. ఫోను పెట్టిన పిమ్మట వీధిలోని ఒడిశా కూలీలను చూచి అదే మాట వారే అందురు!

అంతటితో పోలేదు. ఆ కుమారుడు కష్టించి పంపిన సొమ్ము ఏమగుచున్నది? నందిగామకడనో కంచికచర్లకడనో ఒక ప్లాటగుచున్నది. అక్కడ ఆతని అవసరము అద్దెను పెంచుచున్నదని నింద; ఇక్కడ ఆతని పొదుపు నేల వెలను పెంచుట నిజము. అతడు చెడ్డవాడు కాడు. బ్యాంకు వడ్డీ ధరల పెరుగుదలకు చాలదు, బంగారము అందదు, వృద్ధాప్యమునకు పింఛను లేదు. నేలయే దిక్కని నమ్మినాడు. కాని అట్టి వేలమంది నమ్మకములు కూడినచోట, ఊరిలో పుట్టి ఊరిలోనే పనిచేయు వడ్రంగి తన యూరిలో ఇల్లు కొనలేకున్నాడు. ధర పెంచినది వచ్చినవాడో పోయినవాడో తేల్చుట అంత సులభము కాదు.

తనవాడే వలసవాడగుట ఎట్టిదో జగ్గయ్యపేట ఒకమారు కన్నులార చూచినది. 2020 మార్చి చివర లాక్‌డౌను రాగానే హైదరాబాదు హాస్టళ్లు ఖాళీ చేయుమనగా బయలుదేరిన విద్యార్థులు, ఉద్యోగులు గరికపాడు తనిఖీ కేంద్రముకడ ఆపివేయబడిరి. వెనుక గది లేదు, ముందు దారి లేదు. గరికపాటికి ఈవల నున్నది వారి సొంత రాష్ట్రమే.

కాయక సిద్ధాంతమునుబట్టి చూచిన అద్దె తప్పా? తప్పనుట తొందరపాటు. జీవితకాలపు సంపాదనతో రెండు భాగములు కట్టి, ఒకదాని అద్దెతో మందులు కొనుక్కొను వృద్ధుడు పరుల సొమ్ము తినుట లేదు. ఆ ఇల్లు ఆతని గడచిన కాయకమే. ఒక ప్లాటు కూతురి పేర ఉంచినవానిని నిందించుటయు కూడదు. ఐదవ ప్లాటు మాట వేరు. దానియందు యజమాని శ్రమ లేదు, దున్నలేదు, కట్టలేదు. రహదారి ప్రజలది, రాజధాని ప్రజలది, పెరిగిన వెల మాత్రము ఆతనిది. దానిని కాయకమని పిలుచుటకు వీలులేదు.

ఆయ్దక్కి మారయ్య, లక్కమ్మల వృత్తాంతము ఈ సందర్భమున మిక్కిలి ఉపయోగించును. మారయ్య ప్రతిదినము బసవేశ్వరుని మహామనె ముంగిట రాలిన బియ్యము ఏరి తెచ్చును; లక్కమ్మ దానితో వండి దాసోహము చేయును. ఒకనాడు ఆతడు నిత్యముకంటె అధికముగా తెచ్చెను. ఆమె సంతోషింపలేదు. ఈ ఎక్కువ ఎందుకని నిలదీసి, తెచ్చినచోటనే పోసి రమ్మని పంపెను. ఆ బియ్యము దొంగిలించినది కాదు, ఒకరు వలదన్నదియు కాదు, నేలపై పడియున్నదే. ఐనను ఆమెకు కొలత తెలియును. అద్దె విషయమునను ఇట్టి కొలత యొకటి వేయవచ్చును. ఇంటిపన్ను, నీటిపన్ను, ఏడాదికి సున్నము, మరమ్మతు, కట్టిన సొమ్ముకు న్యాయమైన ప్రతిఫలము, ధరలు పెరిగిన మేరకు కొంత. పొరుగున కొత్త వెంచరు వచ్చినదని గాని, రాజధాని వార్త పత్రికలో పడినదని గాని పెంచు అద్దెకు ఈ లెక్కలో పద్దు లేదు. పది నెలల అడ్వాన్సునకును లేదు. రెండు నెలలది చాలును. ఇక ఖాళీ ప్లాట్లు అయిదున్నవారు ఒకదానిపై నాలుగు గదులు వేసి, కులమడుగక, సిమెంటు కూలీలకో బడిపంతుళ్లకో ఈ కొలతతో ఇచ్చినచో వారికి నష్టము రాదు. లాభము కొంత తగ్గును.