డాలస్ నుంచి శంషాబాద్ ఎంత దూరం?

భూమ్మీద ఏ రెండు చోట్ల మధ్యనైనా దూరం చెప్పే ఫార్ములా ఒకటుంది, హావర్‌సైన్ అంటారు. రెండు అక్షాంశాలు, రెండు రేఖాంశాలు, భూమి వ్యాసార్ధం 6,371 కిలోమీటర్లు. ఇవి ఉంటే చాలు, కోడ్ పది లైన్లు కూడా అవదు. డాలస్, శంషాబాద్ విమానాశ్రయాలను అందులో పెడితే సుమారు 14,400 కిలోమీటర్లు వస్తుంది. గ్లోబు మీద దారం పట్టి చూస్తే ఆ దారి తమాషాగా ఉంటుంది. నేరుగా ఉత్తరానికి ఎక్కి, ధ్రువానికి ఓ ఐదొందల కిలోమీటర్ల పక్కనుంచి ఇవతలికి దిగుతుంది.

నేను దుబాయ్ మీదుగా వచ్చాను. చుట్టుదారే కానీ అదనంగా పడేది వెయ్యి కిలోమీటర్లే. మధ్యలో ఆగిన గంటలు కలిపి మొత్తం 23 గంటలు. అక్కణ్ణుంచి ఖమ్మానికి కారులో ఇంకో నాలుగైదు. అడిగినవాళ్ళకి 'ఒక రోజు ప్రయాణం' అని చెప్తుంటాను.

ఆ మాటతోనే నా పేచీ.

తూర్పు బెంగాల్ శరణార్థుల ఆకలి చూసి పీటర్ సింగర్ రాసిన 'ఫ్యామిన్, అఫ్లుయెన్స్, అండ్ మొరాలిటీ' 1972లో అచ్చయింది. దూరం వల్ల మన బాధ్యత తగ్గదంటాడు అందులో. చదివినప్పుడు ఒప్పుకున్నాను, ఇప్పటికీ తప్పుపట్టలేను. కానీ నాన్న దగ్గరికి వెళ్ళాలా వద్దా అన్న సందేహం నాకెప్పుడూ లేదు. ఎప్పుడు వెళ్ళాలో తెలీలేదు, అంతే.

నాన్నకి పక్షవాతం వచ్చిందని అక్క సోమవారం ఫోన్ చేసింది. "సీరియస్సా?" అన్నాను. "డాక్టర్లు ఇంకా ఏం చెప్పట్లేదురా" అంది. మంగళవారం మళ్ళీ అదే ప్రశ్న. బుధవారం "రమ్మంటావా?" అన్నాను. అప్పుడది చాలా బాధ్యతగల ప్రశ్నలా అనిపించింది. సెలవులు, రిలీజ్ డేట్, వీసా స్టాంపింగ్, అన్నీ తక్కెడలో ఒకవైపు పెట్టేసి, రెండోవైపు పెట్టడానికి అక్కని ఒక్క మాట అడుగుతున్నాను. "రా" అంటే నాన్న బతకడని తన నోటితో అన్నట్టే. "వద్దులే" అంటే, రేపేదైనా జరిగితే తమ్ముణ్ణి ఆపిన పాపం తనది. రాత్రిళ్ళు ఐసీయూ బయట బెంచీ మీద కూచునేదీ తనే, నా బదులు తీర్పు చెప్పాల్సిందీ తనే.

"నీ ఇష్టంరా" అంది.

ఖమ్మంలోనే ఉండే బాబాయి కొడుకు ఎవర్నీ అడగలేదు. చొక్కా మార్చుకుని వెళ్ళాడు. నాకంటే మంచివాడని అనను, నాన్నతో పొలం గొడవ ఉన్నవాడే. కానీ వెళ్ళి చూసి, పెద్దగా ఏం లేదంటే టీ తాగి ఇంటికొచ్చేయొచ్చు వాడు. అనవసరంగా వెళ్ళినా పోయేదేం లేదు. నాకు అలా ఊరికే వెళ్ళే వీల్లేదు. నా ప్రతి రాకకీ ఒక కారణం కావాలి, అది టికెట్‌కి తగ్గంత పెద్దది కావాలి. అదెంత పెద్దదో కొలిచి చెప్పే పని మాత్రం దగ్గరున్నవాళ్ళ నెత్తిన పడుతుంది. సింగర్ లెక్కలో ఈ దగ్గరున్న మనిషి కనపడదు. నా లెక్కలోనూ కనపడలేదనుకోండి.

గురువారం రాత్రి బయల్దేరి శనివారం మధ్యాహ్నానికి ఆస్పత్రికి చేరాను. నాన్నకి తెలివొచ్చింది. మాట ముద్దముద్దగా వస్తోంది.

"ఎంతసేపు పట్టిందిరా?" అన్నాడు.

"ఒక రోజు నాన్నా" అన్నాను.

అక్క ఫ్లాస్కు మూత బిగిస్తోంది. తలెత్తలేదు.