పాత కుట్టుమిషను: ప్రీతియా, పరిగ్రహమా?

మానవుడు వస్తువులను రెండు విధములుగా ప్రేమించును. ఒకటి, వానితో పనిచేయుటవలన పుట్టు ప్రేమ. రెండవది, అవి తనవి యనుకొనుటవలన పుట్టు ప్రేమ. మొదటిదానిని ప్రీతి యందుము, రెండవదానిని మమకారమందుము. రెండింటికిని వెలుపలి రూపము ఒక్కటియే. రెండును వస్తువును తుడిచి, మెరుగుపెట్టి, పదిలపరచును. కావున తన హృదయమున నున్నది ఏదియో మనుజుడు తానే గుర్తించుట కష్టము. ఈ భేదమును విచారించుటకు చదువరులందరికిని తెలిసిన ఒక గృహోపకరణమును ఉదాహరణముగా గైకొందము. అది కుట్టుమిషను.

అమెరికా, ఇంగ్లండు మున్నగు దేశములలో చేతబట్టుకొని పోదగిన పాత కుట్టుమిషనులను వెదకి కొని, బాగుచేసికొని, వానిపైననే కుట్టువారు అనేకులు గలరు. వారికి మిక్కిలి ప్రియమైనది సింగరు కంపెనీవారి 221వ నంబరు మిషను. దీనికి ‘ఫెదర్‌వెయిట్’ అని పేరు. అనగా ఈకవంటి బరువు గలదని భావము. ఇది 1933లో చికాగో నగరపు ప్రపంచ ప్రదర్శనములో ప్రజలకు చూపబడినది. అంతకుముందును పెట్టెలో పెట్టి మోయదగిన మిషనులు లేకపోలేదు. కాని వానిలో పెక్కు పోతయినుముతో చేసినవి. ‘మోయదగినవి’ అను మాటలోని సత్యము మోసినవారి భుజములకే తెలియును. 221 దేహము అల్యూమినియముతో చేయబడినది. బరువు సుమారు 11 పౌనులు, అనగా 5 కిలోగ్రాములు. దాని బల్ల కొన పైకి మడచుటకు వీలుగా నుండును. నల్లని రంగుపై బంగారువన్నె లతలతో ఒక చిన్న పెట్టెలో ఇమిడిపోవును. దీనిని అమెరికాలోని న్యూజెర్సీలోను, స్కాట్లండులోని క్లైడ్‌బ్యాంకులోను చేసిరి. ఆ క్లైడ్‌బ్యాంకు కర్మాగారము 1980లో మూతపడినది.

ఈ మిషను కుట్టునది తిన్నని కుట్టు ఒక్కటియే. వంకరటింకర కుట్టు రాదు; పూలు, తీగలు తనంత తాను అల్లలేదు. అయినను నేటి నూరు కుట్ల మిషనును ప్రక్కకు నెట్టి దీనినేల కోరుదురు? అమెరికా దేశపు స్త్రీలు గుడ్డముక్కలను జతపరచి మన బొంతలవంటి దుప్పట్లు కుట్టుదురు. ఆ పనికి కావలసినది తిన్నని కుట్టే. ఒక్క పనిని చక్కగా చేయు పనిముట్టు, పది పనులను అంతంతమాత్రముగా చేయు పనిముట్టు కన్న వారికి మేలనిపించినది.

రెండవ కారణము మరింత గణనీయము. దీని పనియంతయు కంటికి కనబడును. సూది పైదారమును గుడ్డ క్రిందికి దింపును. క్రిందనున్న కొక్కెము ఆ దారపు ఉచ్చును పట్టి బాబిను చుట్టును త్రిప్పును. రెండు దారములును గుడ్డ నడుమ పెనవేసికొనును. ఒక దారపు బిగువు ఎక్కువైనచో రెండవది వెలికి వచ్చి తన బాధను చెప్పును. పండ్లచక్రములు లోహముతో చేసినవి. ఒక స్క్రూడ్రైవరు, ఒక నూనెబుడ్డి యున్నచో గృహిణి తానే దానిని విప్పి, తుడిచి, మరల బిగించుకొనగలదు. తరువాతి కాలపు మిషనులనేకములలో ప్లాస్టిక్ చక్రములు పెట్టిరి. కాలము గడచిన కొలది అవి పగిలిపోవును. పనిముట్టును అర్థము చేసికొనువాడు దానికి యజమానుడు. అర్థముకాని పనిముట్టును కొన్నవాడు దానిని బాగుచేయువాని దయకు కాచుకొనువాడు. పాత మిషనునందలి ఆకర్షణకు మూలము ఈ స్వాతంత్ర్యమే.

ఇచ్చట పూర్వపక్షము బయలుదేరును. “ఒక మిషను చాలును గదా! ముప్పది మిషనులను అలమరలలో వరుసగా పేర్చుకొనుట ఏమి ప్రీతి? అది ధనికుల వినోదము కాదా?” అని అడుగువారు అడుగుదురు. ప్రశ్న న్యాయమైనదే. దీనికి మారుపలుకునదియు కలదు. కంపెనీ చేయుట మానిన వస్తువును ఎవరో ఒకరు కూడబెట్టకున్నచో, దాని విడిభాగములును, బాగుచేయు విద్యయును నశించును. క్రింద ముద్రించిన నంబరును బట్టి మిషను ఏ యేట పుట్టినదో చెప్పగలవారు, బిగిసిన చక్రమును విడిపించు ఉపాయమెరిగినవారు ఇట్టి సంగ్రాహకులలోనుండియే వచ్చిరి. కావున సంగ్రహమే దోషమనుట తగదు. ధాన్యపు కొట్టు గలవాడు లోభి కావచ్చును. కరవునాట దాతయు కావచ్చును.

మరి నిర్ణయమెట్లు? ఆ మిషనే తీర్పు చెప్పుచున్నది. వాడక మూలబెట్టిన మిషనులో పూర్వము పోసిన నూనె జిగురువలె గట్టిపడి చక్రమును కదలనీయదు. దినదినము కుట్టుచు, చుక్కచుక్క నూనె పోసికొన్న మిషను ఎనుబదేండ్లు దాటినను మెత్తగా తిరుగును. రక్షణ యను పేర పనికి దూరము చేయుటయే దానికి హాని. పనియే దాని ఆరోగ్యము. దీనిని బట్టి సంగ్రాహకుడు తన్ను తాను మూడు ప్రశ్నలు వేసికొనవలెను. ఈ వస్తువు పనిచేయుచున్నదా? దీనితో నేను పనిచేయుచున్నానా? అవసరము గలవారు వచ్చినచో దీనిని ఈయగలనా? మూడింటికిని ‘అవును’ అనగలవానిది ప్రీతి. మూడవదానియొద్ద నాలుక తడబడినచో అచ్చట మమకారము దాగియున్నదని తెలియవలెను.

ఈ యంత్రము చరిత్రయందును ధర్మసంకటమున్నది. 1830లో ఫ్రాన్సు దేశపు దర్జీ తిమోనియే కుట్టుయంత్రమునకు హక్కుపత్రము పొందెను. మరుసటి యేట పారిస్ దర్జీలు, తమ కూడు పోవునను భయముతో, ఆతని యంత్రములను ధ్వంసము చేసిరి. పిమ్మట అమెరికాలో 1846లో హోవే, 1851లో సింగరు హక్కుపత్రములు పొందిరి. వాయిదాల పద్ధతిపై అమ్మకము మొదలైన తరువాత అది సామాన్యుల యిండ్లకు చేరినది. యంత్రములను తీవ్రముగా విమర్శించిన గాంధీమహాత్ముడే 1924లో ఒక సంభాషణలో సింగరు కుట్టుమిషనును మినహాయింపుగా పేర్కొనెను. భార్య శ్రమ చూడలేక సింగరు దానిని కనిపెట్టెనని ఆయన చెప్పిన కథకు సింగరు జీవితచరిత్రము సాక్ష్యమీయదు. అయినను ఆయన సూత్రము నిలుచును: మనిషి శ్రమను తగ్గించి, మనిషిని తొలగింపని యంత్రము హితము. ఇంటిలో ఒక్కరి చేతిక్రింద తిరుగు మిషను అట్టిది.

పండ్రెండవ శతాబ్ది శరణులలో సూజికాయకద రామితందె యను నాతడు గలడు. కన్నడమున సూజి యనగా సూది. ఆతని పేరులో ఊరు లేదు, సిరి లేదు; చేసిన పని మాత్రమున్నది. సూదిని కలిగియుండుట కాయకము కాదు, కుట్టుట కాయకము. ఈ చిన్న వివేకమే పై విచారణమునకు సారము.

సోదరీ సోదరులారా! మన యిండ్లలోను అటకలపై కొయ్యమూత క్రింద నిద్రించు చేతిమిషనులు కలవు. అమ్మదని తీసివేయలేము, పాతదని తీసి వాడలేము. అట్టి దానిని దింపుడు. పాత జిగురును తుడిచి నూనె పోయుడు. ఇంటిలోని పిల్లలకు, ఆడపిల్లయనక మగపిల్లవాడనక, తిన్నని కుట్టు నేర్పుడు. తీరిక లేదందురా, కుట్టుపనిచే ఒక కుటుంబమును పోషించుకొనదలచిన స్త్రీ మీ వీధిలోనే యుండవచ్చును, ఆమెకు ఈయుడు. అమ్మ జ్ఞాపకము అటకపై నిలుచుటకన్న, ఒకరి చేతిలో తిరుగుట మేలు.