ఎవులమ్మా ఈ మనిషి?

రెండేళ్ళ కిందట నా సిద్ధాంత గ్రంథాన్ని పుస్తకంగా వేద్దామనుకున్నప్పుడు అట్టమీదకి ఒక ఫోటో ఎంచుకున్నాను. ఎడ్గార్ థర్‌స్టన్ 1909లో 'దక్షిణ భారతదేశపు కులాలు, తెగలు' అని అర్థం వచ్చే పేరుతో ఇంగ్లీషులో ఏడు సంపుటాలు ప్రచురించాడు. వాటిలోంచి తీసిన ఒక కొండజాతి స్త్రీ ఫోటో అది. కింద తెగ పేరు మాత్రం ఉంది. జిరాక్సు చూసిన స్నేహితులంతా "అద్భుతంగా ఉంది" అన్నారు. నాకూ అలాగే అనిపించింది. ఏం చూసి అద్భుతమంటున్నామో మాలో ఎవరమూ అడుక్కోలేదు.

ఆ అట్ట ఇప్పటికీ తేలలేదు. తేలకపోవడానికి కారణం మా దేవరాపల్లి సంత. అక్కడ జరిగింది చెప్పేముందు, ఆ ఫోటో వెనకున్న కాలం గురించి కొంత చెప్పాలి.

పాత ఫోటోలు చూసి ముచ్చటపడటం మనందరికీ ఉన్న అలవాటే. ఇలాంటి బట్ట కట్టుకునేవారా, ఇంత ఇత్తడి చెవులకి మోసేవారా అని ఆశ్చర్యపోతాం. చరిత్రలో మరుగునపడిన వింతలని ఒకరికొకరం చూపించుకుంటాం. పాత తెలుగులో వింతవాడంటే పరాయివాడు. మాట అర్థం మారిందనుకుంటాం గానీ, పూర్తిగా మారిందని నాకు నమ్మకం లేదు.

1892లో హైదరాబాదులో లాలా దీన్ దయాళ్ ఒక జనానా స్టూడియో తెరిచాడు. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ కొలువులో ఫోటోగ్రాఫర్ ఆయన. ఆ స్టూడియో ఘోషా స్త్రీల కోసం. లోపల ఏ మగవాడి చూపూ పడకుండా చుట్టూ ఎత్తైన గోడలు కట్టించారు. ఫోటోలు తీసే బాధ్యత మిసెస్ కెన్నీ లెవిక్ అనే ఆంగ్లేయ స్త్రీకి అప్పగించారు. ఫోటోగ్రఫీ చరిత్ర చదివేవాళ్ళకి ఇదొక చిన్న విశేషం, ఒక పేరాలో చెప్పి దాటేస్తారు. నాకు మాత్రం అక్కడే కాళ్ళు ఆగిపోతాయి. స్త్రీలని లోపల పెట్టిన ఘోషాయే ఒక స్త్రీకి కెమెరా వెనక చోటిచ్చింది. బంధించిన గోడే వాళ్ళ బొమ్మకి కాపలా కాసింది. అయితే ఆ కాపలా ఎవరి పరువు కోసమని అడిగితే జవాబు మనకి తెలిసిందే. ఆ స్త్రీలకి ఇష్టాయిష్టాలు ఉన్నాయని నేను వాదించబోవడం లేదు. వాళ్ళ ముఖం ఎవరు చూడాలి అన్నది ఆనాడు ఒక ప్రశ్నగా ఉందని, దానికోసం డబ్బు పోసి గోడలు లేపారని మాత్రమే నేననేది.

సరిగ్గా ఆ ఏళ్ళలోనే మద్రాసు మ్యూజియం సూపరింటెండెంటుగా థర్‌స్టన్ కొలతల సరంజామా పట్టుకుని రాజధాని అంతా తిరుగుతున్నాడు. 1885 నుంచి 1908 దాకా ఆయనదే ఆ ఉద్యోగం. తల చుట్టుకొలత, ముక్కు పొడవు, ముక్కు వెడల్పు అన్నీ రాసుకునేవాడు. ముక్కు ఎంత వెడల్పైతే కులం అంత తక్కువని రిజ్లీ సిద్ధాంతం చేసిన రోజులవి. ఈ కొలతల విద్యని థర్‌స్టన్ పోలీసులకి కూడా నేర్పాడు. జాతుల శాస్త్రానికీ నేరస్తుల రికార్డుకీ మధ్య గోడ అంత పల్చన. ఇక్కడ మాత్రం గోడ గురించి ఎవరికీ పట్టలేదు.

ఆనాటి విశాఖపట్నం జిల్లా అంటే జయపురం, కోరాపుట్ కొండలదాకా. (మా మండలం 2022 నుంచి అనకాపల్లి జిల్లాలో ఉంది.) ఆ కొండల తెగల గురించి థర్‌స్టన్ చాలానే రాశాడు. గదబ స్త్రీలు చెట్టునార నేసి కట్టుకునే బట్ట, నడుము వెనక ఎత్తుగా కట్టుకునే తాళ్ళ కట్ట, చెవులకి ఇత్తడి తీగ చుట్టలు, అన్నీ వివరంగా ఉంటాయి. గదబలు గుర్రాన్ని ముట్టరనీ, పల్లకీలు మోసేవాళ్ళు గనక ఆ జంతువు తమ పనికి పోటీ అనీ ఒక చమత్కారం కూడా ఉంటుంది. ఎవరి పల్లకీలు మోశారో, దొరలు ఆ కొండలు ఎలా ఎక్కారో అన్న చోట చమత్కారం ఉండదు.

ఆ ఏడు సంపుటాల్లో నన్ను వదలనిది ముందుమాటలో ఉన్న ఒక సంగతి. వయనాడులో పణియ స్త్రీలు థర్‌స్టన్‌ని చూసి పారిపోయారట. తమలో చక్కగా ఉన్నవాళ్ళని చంపి, గడ్డి కూరి మ్యూజియంలో నిలబెడతాడని వాళ్ళ భయం. ఆయన దీన్ని నవ్వులాటగా రాస్తాడు. అలా చెయ్యగలిగితే ఎంత బాగుండేదో, మనుషుల నమూనాల సమస్య తీరిపోయేది అన్న ధోరణిలో ఒక నిట్టూర్పు కూడా విడుస్తాడు. మొదటిసారి చదివినప్పుడు, సిగ్గుపడుతూ చెప్తున్నా, నేనూ నవ్వాను. అమాయకులు అనుకున్నాను. ఇప్పుడు ఆలోచిస్తే, ఆ మ్యూజియం ఏం చెయ్యదలచుకుందో అందరికన్నా బాగా అర్థమైంది వాళ్ళకే. హైదరాబాదు బేగంలకి గోడలున్నాయి. వీళ్ళకి కాళ్ళున్నాయి. పారిపోయినవాళ్ళ ఫోటోలు ఉండవు గనక, వాళ్ళ నిరాకరణ మనదాకా ఒక హాస్యంగానే చేరింది.

మరి పారిపోలేక నిలబడినవాళ్ళ ఫోటోలు మనం ఏం చెయ్యాలి? అల్జీరియా స్త్రీలని ఫ్రెంచివాళ్ళు పోస్టుకార్డుల మీద అచ్చువేసిన తీరు గురించి మాలెక్ అల్లూలా 1981లో పుస్తకం రాశాడు. ఆ కార్డుని పంపినవాడికే తిప్పికొడుతున్నానన్నాడు. తిప్పికొట్టే పేరుతో ఆ నగ్నచిత్రాలన్నీ మళ్ళీ అచ్చువేశావు కదా అని కొందరు స్త్రీవాద విమర్శకులు నిలదీశారు. నేను వాళ్ళ పక్షమే. కనీసం అట్ట ఎంచుకునే రోజుదాకా ఆ పక్షమే అనుకున్నాను.

ఇక సంత. సెలవులకి ఊరెళ్ళినప్పుడు సంచిలో జిరాక్సు ఉంది. అనంతగిరి కొండల వైపు నుంచి చింతపండు, అడ్డాకులు, కొండచీపుర్లు దించుకుని ఆడవాళ్ళు వస్తారు. చింతపండు అమ్మే ఒక ముసలావిడ దగ్గర అమ్మ ఏళ్ళ తరబడి కొంటోంది. డబ్బులు తీస్తుంటే కాగితం బయటపడింది. ఆవిడ చెయ్యి చాపి అందుకుంది.

"ఎవులమ్మా ఈ మనిషి?"

పాత పుస్తకంలోది మామ్మా, నూరేళ్ళ కిందటిది అన్నాను.

"పేరేటి?"

పేరు రాయలేదన్నాను.

"ఫొటో తీసినోడి పేరుందా?"

పుస్తకం రాసినాయన పేరుందని చెప్పాను. ఆవిడ నవ్వలేదు, కోప్పడలేదు. కాగితాన్ని ఎండకి అడ్డంగా పట్టుకుని చాలాసేపు చూసింది. నేను గమనించని వాటినే చూసింది. "చలేస్తంది ఈయమ్మకి. చేతులు చూడు, ఎలా దగ్గరగెట్టుకుందో" అంది. మూడేళ్ళు నేను ఆ ఫోటో మీద పనిచేశాను. ఆ నగల గురించి పన్నెండు పేజీలు రాశాను. ఆ చేతుల గురించి ఒక్క వాక్యం లేదు.

ఆ క్షణంలోనే అట్టమీద ఈ ఫోటో వెయ్యకూడదని నిశ్చయించుకున్నాను. ఇంకెక్కడా చూపించకూడదు కూడా అనుకున్నాను. ఆ నిశ్చయంతో కాగితం కోసం చెయ్యి చాపాను.

ఆవిడ ఇవ్వలేదు. "నాకుండనీ. నీకాడ పుస్తకముంది గదా" అంది.

దాచిపెట్టడానికి నేనెవరిని అన్న ప్రశ్న అప్పటిదాకా నాకు తట్టలేదు. థర్‌స్టన్ అడగకుండా చూపించాడు, నేను అడగకుండా మూసేయబోయాను. రెండింట్లోనూ ఆ కొండమీదివాళ్ళకి మాట లేదు. అలాగని అట్టమీద వేసుకొమ్మని ఆవిడ చెప్పినట్టూ కాదు. తనకి కావాలంది, అంతే. ఫోటోలో మనిషి ఏ తెగదో, తనదే తెగో ఆవిడా చెప్పలేదు, నేనూ అడగలేదు. మొదటిసారి అడగాలనిపించలేదు.

జిరాక్సుని నాలుగు మడతలు పెట్టి రొండిని దోపుకుంది. చింతపండు మళ్ళీ తూచింది. అమ్మ అడక్కుండానే ఇంకో గుప్పెడు వేసి, "పేరు తెలిస్తే కబురంపు" అని నాతో చెప్పి, పక్క బేరం చూసుకుంది.