రెండు రూపాయల వడ్డీ

మా సింధనూరు క్యాంపుల్లో రెండు రూపాయల వడ్డీ అంటే ఎవరూ ఉలిక్కిపడరు. నూటికి నెలకు రెండు, ఏడాదికి ఇరవై నాలుగు. మండీలో కమీషన్ వ్యాపారి దగ్గర తీసుకుంటే పంట కూడా అతనికే తోలాలి. అందుకే 2023లో ఒక కౌలు రైతుకు లక్ష ఇచ్చి నోటు రాయించుకున్నప్పుడు ఉపకారమే చేశాననుకున్నాను. పహాణి అతని పేరున లేదు, బ్యాంకు ఇవ్వదు. ఆ ఏడు కరువు. మా కాలువ కింద రెండో పంటకు నీళ్లు రాలేదు. ఏడాది కౌలు మాత్రం అతను ముందే కట్టేశాడు.

మన జిల్లాలో, ముద్గల్లో, ఆదిల్‌షాహీల కాలం నుంచీ కథోలికులున్నారు. ఆ వైపు మిత్రుడొకరితో మాటల్లో పడి, వడ్డీ గురించి వాళ్ల చర్చి ఏమందో చదివాను. బాహాటంగా వడ్డీ వ్యాపారం చేసేవాడు ఆ పాపంలోనే చనిపోతే క్రైస్తవ ఖననం కూడదని 1179లో మూడవ లాటరన్ మహాసభ శాసించింది. 1745లో పోపు పద్నాలుగవ బెనెడిక్టు ఇటలీ బిషప్పులకు రాసిన లేఖ ఇంకా సూటిగా ఉంది: వడ్డీ కొద్దిపాటిదే కదా అన్న సాకు చెల్లదు. నా సాకు అదే!

తర్వాత చర్చి మెత్తబడింది. 1917 నాటి చర్చి ధర్మశాస్త్రం చట్టం అనుమతించిన వడ్డీని ఒప్పుకుంది. కాలంతో రాజీపడ్డారని మొదట నవ్వుకున్నాను. కానీ ఆ పాత లేఖలోనే ఒక సందు ఉంది. అప్పుకు బయట న్యాయమైన కారణం ఉంటే అదనంగా అడగవచ్చు. వాళ్ల పండితులు చెప్పిన కారణాల్లో ముఖ్యమైనది, అప్పిచ్చినందువల్ల ఇచ్చినవాడికి కలిగిన నష్టం. వ్యాపారంలో వాటా పెడితే లాభం తీసుకోవచ్చు, ఎందుకంటే నష్టంలోనూ వాటా ఉంటుంది.

అక్కడ ఆగిపోయాను. నేను నష్టపోయిందేమిటి? బ్యాంకులో వచ్చే వడ్డీ. మిగతాది దేనికి? రిస్కుకు అంటాం. ఆ రిస్కు నాదా? నోటు మీద అతని బావమరిది జామీను సంతకం ఉంది. నీళ్లు రాకపోతే మునిగేది అతను, ఆ తర్వాత బావమరిది. నేను గట్టు మీద ఉన్నాను.

మైక్రోఫైనాన్సు గుంపుల్లోనూ ఇంతే. ఒకామె కట్టలేకపోతే పక్కింటామె కట్టాలి. వసూళ్ల వేధింపులు భరించలేనంత అయ్యాక 2010లో ఆంధ్రప్రదేశ్, 2025లో కర్ణాటక ఆర్డినెన్సులు తెచ్చాయి. వేధింపు ఆపడం మంచిదే. కానీ మర్యాదగా వచ్చి అడిగినా నష్టమంతా తీసుకున్నవాడిదే కదా! అప్పు తీరదన్న దాని మీద పందెం కాసే ఒప్పందాలను 2018లో వాటికన్ ఒక పత్రంలో తప్పుపట్టింది. ఆ మార్కెట్లు మనకు దూరం. చదువుతుంటే నాకు మాత్రం బీరువాలోని నోటే గుర్తొచ్చింది.

వడ్డీ అసలును మించకూడదన్నది మన ధర్మశాస్త్రాల పాత నియమం. దాని ప్రకారం నాది హద్దులోనే ఉంది: మూడేళ్లకు 72,000.

నోటు గడువు వచ్చే నెలతో తీరుతుంది. తిరగరాయడానికి రెవెన్యూ స్టాంపు తనే తెస్తానన్నాడు. 1,72,000 అని రాయించాలా, లక్ష అనా, మధ్యలో ఇంకో అంకా? మా ఆవిడ లెక్క ఒకటి, నాది ఒకటి. ఇంకా తేలలేదు.