ఎవరి కోసం మట్టి పరీక్ష?

మా గూడెం పక్కన వాగు దాటితే ఒక పాత మిల్లు ఉంది. మూతబడి ఏళ్ళయింది. గేటుకు తాళం, లోపల తుమ్మచెట్లు, గోడ వెనక నల్లటి బురద గుంట. మేకలు అక్కడికి మేతకు పోతాయి. గట్టి వాన పడితే గుంట పొంగి వాగులో కలుస్తుంది. ఆ బురదలో ఏముందో మాకెవరూ చెప్పలేదు.

కిందటేడు ఒక జీపు వచ్చింది. గోడ లోపల నాలుగైదు చోట్ల తవ్వి మట్టి సంచుల్లో పోసుకున్నారు. ఎందుకు సారూ అని మా చిన్నాన్న అడిగితే, ఇక్కడ గోదాములు కట్టే ఆలోచన ఉందన్నారు. "మరి గోడ బయట మా చేను?" అన్నాడాయన. అది తమ పనిలో లేదన్నారు. వాళ్ళ తప్పేం లేదు, ఇచ్చిన పని చేశారు. కానీ చిన్నాన్న ప్రశ్న నన్ను వదల్లేదు. చెడిన నేలను పరీక్షించేది రాబోయే వాడి కోసమా, ఉన్నవాడి కోసమా?

అమెరికాలో ఈ పనికి ప్రభుత్వమే డబ్బిస్తుంది. మూతబడ్డ ఫ్యాక్టరీలు, పాత పెట్రోలు బంకులు ఉన్న ఇలాంటి జాగాలను అక్కడ బ్రౌన్‌ఫీల్డ్ అంటారు. 1995లో మొదలైన పథకానికి 2002లో చట్టం వచ్చింది. ముందు ఆ జాగాలో ఏ పని జరిగిందో కాగితాలు వెతుకుతారు, పాతవాళ్ళను అడుగుతారు. అనుమానం ఉంటే మట్టి, నీళ్ళు తీసి ల్యాబుకు పంపుతారు. ఆదివాసీ తెగల ప్రభుత్వాలు కూడా ఈ డబ్బు అడగవచ్చు. మంచి పథకమే. అయితే దాని గురి నేలను మళ్ళీ వాడకంలోకి తేవడం. ఆశపడే వాడుంటే పరీక్ష తొందరగా వస్తుంది.

మన ఏజెన్సీలో 1/70 చట్టం వల్ల గిరిజనేతరులు భూమి కొనకూడదు. అది మన రక్షణ, వదులుకోలేం. కానీ కొనేవాడి ఆశ మీదే పరీక్ష నడిస్తే మన చేనుకు ఆ వంతు ఎప్పటికీ రాదు.

ఇంకో చిక్కు "సురక్షితం" అన్న మాటలో ఉంది. గోదాముకు సరిపోయే మట్టి ఇంటికి సరిపోకపోవచ్చు. ఇంటికి సరిపోయింది, అడవి గడ్డలు తవ్వుకు తిని, వాగులో చెలమ తోడి తాగే వాళ్ళకు సరిపోకపోవచ్చు. ఒక్లహోమాలోని క్వాపా తెగ ఈ సంగతి గట్టిగా పట్టుకుంది. వాళ్ళ భూముల్లో సీసం, జింకు గనులు నడిచాయి. కొందరు క్వాపా యజమానులకు సొంత వ్యవహారం చూసుకునే తెలివి లేదని ముద్ర వేసి, అధికారులే వాళ్ళ భూమిని లీజుకిచ్చారు. 1970లలో గనులు ఆగాయి, రాళ్ళపొడి గుట్టలు మిగిలాయి. పిల్లలు వాటి మీద ఆడుకున్నారు. 1990లలో పరీక్షిస్తే సుమారు మూడో వంతు పిల్లల రక్తంలో సీసం ఎక్కువుంది. ఆ తెగ తాము తినే వేట, చేప, దుంప, ఆకు అన్నీ లెక్కలోకి తీసుకుని, తమ బతుక్కి ఎంత విషం ఎంత హాని అని వేరే అంచనా రాయించుకుంది. తర్వాత కొంత నేలను తామే శుభ్రం చేశారు.

మన దేశంలో 2025లో కలుషిత స్థలాల నిబంధనలు వచ్చాయి. జనం ఫిర్యాదు చేసినా అనుమానిత స్థలాన్ని జాబితాలో చేర్చాలి, 90 రోజుల్లో తొలి పరీక్ష జరగాలి. ఖర్చు చెడగొట్టినవాడిది. వాడు దొరక్కపోతే కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వాలది. గనుల కాలుష్యాన్ని మాత్రం చాలావరకు పక్కన పెట్టారు. మన ప్రాంతాల్లో గనులు ఎక్కడెక్కడున్నాయో మీకు చెప్పక్కర్లేదు.

ఇదంతా చెబితే మా బడి పంతులు ఒక మాటన్నాడు: "విషం ఉందని తేలితే ముందు మనల్నే లేపేస్తారు." ఆ భయం ఉత్తది కాదు. క్వాపా గనుల మధ్య ఉన్న పిచర్ అనే ఊరు ఖాళీ అయింది, 2009లో ఊరిగా లెక్కలోంచే పోయింది. దీనికి నా దగ్గర పూర్తి జవాబు లేదు. అయినా తెలుసుకోవడం వైపే ఉంటాను. తెలియకపోతే విషం ఆగదు, నిర్ణయం మాత్రం ఇంకొకరి చేతిలో ఉంటుంది. పరీక్ష కావాలని అడిగేది గ్రామసభ కావాలి, రిపోర్టును మొదట చదివేది అక్కడే, మన భాషలో. ఫారం నింపడం, అంకెలు విప్పి చెప్పడం చదువుకున్న పిల్లలకు చేతనైన పని. పంతులు ఒప్పుకున్నాడు, సగం మనసుతో.

ఈ ఎండాకాలం చెలమ ఎక్కడ తోడాలని చిన్నమ్మ అడిగింది. మిల్లుకు ఎగువన తోడమన్నాను. రెండు ఫర్లాంగులు ఎక్కువ నడక. బిందె నెత్తిన పెట్టుకుని ఏమీ అనకుండా పోయింది.